సీరియల్ ఆగకూడదు, సినిమా తిరగకూడదు

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమె ప్రభుత్వ పాఠశాలలో టీచరు, భర్తకు బట్టల అంగడి. ఇంట్లో డెబ్బై దాటిన అత్త, ఇంటర్ రెండో ఏడాది అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. పాత బండల మిద్దె. నడింట్లో గోడకు 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్మార్ట్ టీవీ ఉంది, 2018లో కొన్నారు. బొమ్మ ఇప్పటికీ బాగుంది. కానీ యూట్యూబ్ తెరుచుకోవడానికే నిమిషం పడుతుంది. జియోహాట్‌స్టార్ ఈ టీవీలో ఇక పనిచేయదని చూపిస్తోంది. నెట్‌ఫ్లిక్స్ వస్తుంది గానీ పది నిమిషాలకోసారి రౌండ్ తిరుగుతూ ఆగిపోతుంది. నెట్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన 100 ఎంబీపీఎస్ ఫైబర్. రౌటర్ వీధి గదిలో ఉంది. టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండు, ఒకదానికి కేబుల్ బాక్సు తగిలించారు.

సలహాలకు కొదవలేదు. బెంగళూరులో ఉండే మరిది ఆపిల్ టీవీ (ఉన్న టీవీకే తగిలించే చిన్న పెట్టె) తప్ప ఇంకేదీ కొనొద్దంటాడు. పిల్లలు చూసే నెట్‌ఫ్లిక్స్ కూడా ఆయనదే. భర్త ఏకంగా 55 అంగుళాల కొత్త టీవీ అంటున్నారు. ఊళ్లో ఎలక్ట్రానిక్స్ అంగడాయన 2,800 రూపాయల ఆండ్రాయిడ్ బాక్సు చూపించి, "దీంట్లో అన్ని సినిమాలూ లైఫ్‌టైమ్ ఫ్రీ" అన్నాడట. బడిలో తోటి టీచరు తన పాత క్రోమ్‌కాస్ట్‌ను (ఫోన్‌లోది టీవీ మీదికి పంపే గూగుల్ పరికరం) 800కు ఇస్తానంటున్నారు. "ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్తాంటే నాకు తల తిరుగుతాంది" అని రాశారు.

అసలు బాధ వేరే. ఒక రాత్రి అబ్బాయి సినిమా కోసం ఇన్‌పుట్ మార్చి, అలాగే వదిలేసి నిద్రపోయాడు. మరుసటి సాయంత్రం ఇంట్లో ఎవరూ లేరు. అత్తగారు ఎన్ని బటన్లు నొక్కినా కేబుల్ రాలేదు, సీరియల్ పోయింది. రాత్రికి మాట మీద మాట పెరిగింది. "నేనుండేది మీకు అడ్డమైతే చెప్పండి, పాప ఇంటికి పోతా" అన్నారట ఆమె. అప్పటినుంచి ఆ ఇంట్లో టీవీ గురించి ఎవరు నోరెత్తినా గొడవే. ఏది కొంటే ఈ రగడ తీరుతుందన్నది ప్రశ్న.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ఇబ్బందులు ఒకటిగా కలిసిపోయాయి. టీవీ లోపలి యాప్‌లు పాతబడటం ఒకటి. వైఫై నడింటిదాకా సరిగా అందకపోవడం ఇంకొకటి. అందుతోందో లేదో మీకూ ఇంకా తెలియదు, నాది అనుమానమే. మీ అత్తగారు తన చానల్‌కు తిరిగి రాలేకపోవడం మూడోది. స్టిక్, అంటే టీవీ హెచ్‌డీఎంఐ రంధ్రానికి గుచ్చితే యాప్‌లు నడిపే చిన్న పరికరం, కొంటే మొదటిది తీరుతుంది. రెండోది తీరదు. మూడోది, జాగ్రత్త పడకపోతే, ముదురుతుంది. అందుకే డబ్బులు తీసేముందు ఒక అరగంట పరీక్షకు కేటాయించండి.

రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, అంటే వీధి మొత్తం నెట్ వాడే వేళలో, మీ ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి వైఫై మీద ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, టీవీకి ఆనుకుని ఒకసారి వేగం చూడండి. నెట్‌ఫ్లిక్స్ లెక్కలో ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలు. రౌటర్ దగ్గరే పదికి మించకపోతే తప్పు లైనుది, ఆపరేటర్‌ను అడగాలి. రౌటర్ దగ్గర తొంభై వచ్చి టీవీ దగ్గర మూడో నాలుగో వస్తే తప్పు గోడది. రెండుచోట్లా బాగానే ఉండి టీవీ ఒక్కటే తిరుగుతుంటే తప్పు టీవీది. దాన్ని నిర్ధారించుకోవడానికి ఇంకో చిన్న పని చేయవచ్చు. మొబైల్ డేటా మళ్లీ వేసి, ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీవీని దానికి కలిపి పది నిమిషాలు సినిమా వేయండి. అప్పుడూ ఆగితే ఇక టీవీ మీద ఆశ వదులుకోవచ్చు. ఆగకుండా ఆడితే టీవీని తిట్టడం అన్యాయం.

మీ ఇల్లు బండల మిద్దె అన్నారు కాబట్టి నా అనుమానం గోడ మీదే ఎక్కువ. అడుగున్నర మందం రాతిగోడ రెండు దాటితే వైఫైలో మిగిలేది కొంచెమే. రౌటర్‌లో సాధారణంగా రెండు రకాల సిగ్నల్ ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అదే దారిలో పోటీ పడతాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడ దగ్గర తేలిపోతుంది. 2018 నాటి మామూలు స్మార్ట్ టీవీల్లో చాలావాటికి 2.4 తప్ప ఇంకొకటి అందదు.

దీనికి అన్నిటికంటే చవకైన మందు రౌటర్‌ను నడింట్లోకి తేవడం. ఫైబర్ తీగను లోపలిదాకా లాగమని ఆపరేటర్ మనిషిని అడగండి, తీగకు, పనికి కలిపి కొంత తీసుకుంటాడు. ఆ తీగ లోపల ఉండేది గాజు. మూలల్లో గట్టిగా మడిచినా, తలుపు సందులో నలిగినా వెలుతురు కారిపోయి వేగం పడిపోతుంది, లేదా పెట్టె మీద లాస్ అని ఎర్రలైటు వెలుగుతుంది. మూలల్లో గుండ్రంగా తిప్పమని మీరే నిలబడి చెప్పండి. ఫైబర్ కదపడం కుదరదంటే, రౌటర్ నుంచి టీవీ దాకా క్యాట్ 6 అనే నెట్ తీగ లాగి, చివర ఒక చిన్న రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే అక్కడినుంచి వైఫై పంచేలా, పెట్టించండి. గోడ ప్లగ్గుకు గుచ్చే వెయ్యి రూపాయల ఎక్స్‌టెండర్‌ను మాత్రం ఆఖరి మార్గంగానే చూడండి. సింగిల్ బ్యాండ్‌ది, అంటే ఒకే రకం సిగ్నల్‌ది, అయితే అందుకున్న సిగ్నల్‌ను అదే దారిలో మళ్లీ పంపాలి కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. టీవీ దగ్గరికే సిగ్నల్ పీలగా వస్తున్నచోట దాన్ని పెడితే, ఆ పీల సిగ్నల్‌నే మళ్లీ పంచుతుంది.

ఇక డివైస్ సంగతి. ముందు అంగడాయన బాక్సును పక్కన పెట్టేద్దాం, దాని మీద నాకు రెండో ఆలోచన లేదు. పేరూ ఊరూ లేని ఆ ఆండ్రాయిడ్ బాక్సులకు గూగుల్ ధ్రువీకరణ గానీ నెట్‌ఫ్లిక్స్ అనుమతి గానీ ఉండవు. కాపీ రక్షణలో పైస్థాయి, వైడ్‌వైన్ ఎల్1 అంటారు, లేకపోతే డబ్బు కట్టిన యాప్‌లు కూడా బొమ్మను మసకగానే ఇస్తాయి. "లైఫ్‌టైమ్ ఫ్రీ" అన్నవి దొంగ ప్రసారాలు, ఏ రోజు ఆగుతాయో అమ్మినవాడికీ తెలియదు. అంతకన్నా పెద్ద సంగతి: ఇలాంటి బాక్సుల్లో కొన్ని ఫ్యాక్టరీలోనే వైరస్ నింపుకుని వస్తున్నాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే దాని గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. మరుసటి నెలలో గూగుల్ కోర్టుకెళ్లినప్పుడు కోటికి పైగా పరికరాలకు అది సోకిందని చెప్పింది. మీ భర్త అంగడి లెక్కలు, మీ యూపీఐ నడిచే వైఫైలోకి అలాంటిదాన్ని రానివ్వకండి.

తోటి టీచరు క్రోమ్‌కాస్ట్ అంత ప్రమాదం కాదు గానీ, మీకు పనికిరాదు. పాత క్రోమ్‌కాస్ట్‌కు రిమోట్ ఉండదు, ప్రతిదీ ఫోన్ నుంచి పంపాలి. మీరు బడికి వెళితే ఫోనూ వెళుతుంది. గూగుల్ 2024లో ఆ వరసనే ఆపేసింది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు లోపలి సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు తీరి ఒకేసారి ప్రపంచమంతటా పనిచేయడం మానేశాయి. కొద్దిరోజుల తర్వాత అప్‌డేట్ వచ్చి కోలుకున్నాయి. 800 మిగిలిందనుకుని పాత సామాను తెచ్చుకుంటే ఇలాంటివి మోయాలి.

మిగిలినవి ఐదు దారులు.

అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ ఒకటి. మీ టీవీ ఫుల్ హెచ్‌డీ కాబట్టి 4కే బొమ్మ దానికి అక్కర్లేదు. అయినా 2 జీబీ ర్యామ్ ఉన్న 4కే మోడల్ దొరికితే అదే మేలు, ఎందుకంటే 1 జీబీ ర్యామ్‌తో వచ్చే హెచ్‌డీ మోడల్ రెండేళ్లకు ఇప్పుడు మీ టీవీ చేస్తున్న పనే చేస్తుంది. పెట్టె మీద 4కే అని ఉంటే చాలదు, ర్యామ్ ఎంతో చూడండి. 4కే సెలెక్ట్ అని వచ్చిన మోడల్‌లో ఆండ్రాయిడ్ పునాది కాకుండా వేగా అనే కొత్త సిస్టమ్ ఉంది. మీకు కావలసిన తెలుగు యాప్‌లు దాంట్లో ఉన్నాయని తేల్చుకున్నాకే దాని జోలికి వెళ్లండి. ఫైర్ స్టిక్‌లో ఇబ్బంది ఏమిటంటే ముందు తెర నిండా ప్రకటనలే, అమెజాన్ సరుకే ముందు కనిపిస్తుంది. అలెక్సాతో మాట్లాడాలంటే ఇంగ్లిషో హిందీయో కావాలి. తెలుగు సినిమా పేరు చెబితే చాలాసార్లు పట్టుకుంటుంది గానీ మీ అత్తగారు తెలుగులో అడిగితే దానికి అర్థం కాదు.

గూగుల్ టీవీ లేదా ఆండ్రాయిడ్ టీవీతో నడిచే బ్రాండెడ్ స్టిక్ రెండోది. షావోమీ 4కే స్టిక్ లాంటివి. ప్లే స్టోర్ ఉంటుంది, ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి పెళ్లి వీడియోలు, ఫొటోలు నేరుగా టీవీ మీదికి పంపవచ్చు. ఫోన్ అలవాటున్నవాళ్లకు మెనూ దగ్గరగా అనిపిస్తుంది. వీటిలో స్టోరేజీ తరచూ 8 జీబీనే, అందులో మీకు మిగిలేది సగం కాస్త అటూఇటూ. ఏడెనిమిది యాప్‌లు పెట్టాక నత్తనడక మొదలైతే సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఒక్కొక్క దానికీ క్లియర్ క్యాచే నొక్కాలి. క్లియర్ డేటా నొక్కితే లాగిన్ పోతుంది, ఆ తేడా పిల్లలకు చెప్పండి. ఇది ఫైర్ స్టిక్‌కూ వర్తిస్తుంది.

మీ మరిది చెప్పిన ఆపిల్ టీవీ 4కే నిజంగానే మంచి సరుకు. వేగం, బొమ్మ, ప్రకటనలు లేని తెర, ఏళ్ల తరబడి అప్‌డేట్లు, ఏ విషయంలోనూ వంక పెట్టలేం. 2022 మోడల్ మన దగ్గర 14,900, నెట్ తీగ గుచ్చుకునే 128 జీబీది 16,900 చొప్పున వచ్చింది. పెట్టెలో హెచ్‌డీఎంఐ తీగ ఉండదు, అదీ కొనాలి. దాని విలువంతా 4కే హెచ్‌డీఆర్ టీవీ, ఇంటినిండా ఐఫోన్లు ఉన్నచోట తెలుస్తుంది. మీ ఫుల్ హెచ్‌డీ తెర మీద అందులో సగం కూడా కనపడదు. పైగా ఏదైనా చిక్కు వస్తే మీ ఇంట్లో బాగుచేసేవాళ్లు ఎవరు? బెంగళూరుకు ఫోన్ చేయాల్సిందే. మరిదికి నొప్పి కలగకుండా చెప్పాలంటే, "కొత్త టీవీ కొన్నప్పుడు నువ్వు చెప్పిందే తెచ్చుకుంటాం" అనండి, అది అబద్ధం కూడా కాదు.

మీ భర్త మాట కూడా తీసిపారేయలేం. కొత్త టీవీకి కొత్త వైఫై, మూడు హెచ్‌డీఎంఐలు, పెద్ద బొమ్మ వస్తాయి. కానీ గోడ అక్కడే ఉంటుంది. టీవీ తెర పదేళ్లు ఉంటుంది, దాని లోపలి చిప్పు, యాప్‌లు నాలుగైదేళ్లకే అలసిపోతాయి. ఇప్పుడు మీకు జరిగింది అదే. 43 అంగుళాల బొమ్మ బాగున్నంతకాలం ఐదారు వేల స్టిక్‌తో గడిపి, తెర మీద గీతలో మచ్చలో వచ్చిన రోజు పెద్ద టీవీ కొంటే, స్టిక్‌ను దానికీ వాడుకోవచ్చు. టీవీనే కొనాలని ఆయన గట్టిగా అనుకుంటే, సేల్‌లో అన్నిటికంటే చవకైన 55 అంగుళాలది కాకుండా కనీసం 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ ఉన్నది చూడమనండి.

నెట్ కంపెనీ ఇచ్చే బాక్సు ఐదో దారి. కొన్ని ప్లాన్లలో సెట్‌టాప్ బాక్సూ, కొన్ని ఓటీటీలూ కలిపి ఇస్తారు. బిల్లు ఒకటే కావడం సుఖం. కనెక్షన్ మారిస్తే బాక్సు వాళ్లకు వెనక్కి ఇవ్వాలి, యాప్‌లూ పోతాయి. స్టిక్ కొనేముందు మీ ఆపరేటర్‌ను ఒక మాట అడగండి: ఇప్పుడు కడుతున్న ప్లాన్‌లోనే ఏవైనా ఓటీటీలు ఉన్నాయేమో. ఉన్నాయని తెలియక వాటికే మళ్లీ డబ్బు కట్టేవాళ్లు చాలామంది.

డివైస్ కంటే ఎక్కువ ఖర్చు అయ్యేది, ఎక్కువ మోసపోయేది చందాల దగ్గర. మరిది నెట్‌ఫ్లిక్స్ మీద ఇల్లు కట్టుకోకండి. 2023 జులై నుంచి మన దేశంలో కూడా నెట్‌ఫ్లిక్స్ ఒక ఖాతా ఒక ఇంటివాళ్లకే అంటోంది. కొత్త స్టిక్ పెట్టగానే ప్రొద్దుటూరు టీవీ ఆయన ఇంట్లోది కాదని గుర్తించి కోడ్ అడగవచ్చు, ఆ కోడ్ ఆయన ఫోన్‌కో మెయిల్‌కో వెళుతుంది. సొంతంగా తీసుకోవాలంటే 149 రూపాయల మొబైల్ ప్లాన్ టీవీలో ఆడదు. 199ది ఆడుతుంది, బొమ్మ 720పీ, అంటే ఫుల్ హెచ్‌డీ కన్నా తక్కువ. మీ టీవీకి తగ్గ ఫుల్ హెచ్‌డీ 499లో వస్తుంది. 649 ప్లాన్ 4కే టీవీ ఉన్నవాళ్లకు. ఆ పిల్లలు ఏడాదికి ఎన్ని నెలలు నెట్‌ఫ్లిక్స్ చూస్తారో లెక్కేసి, సెలవుల్లో రెండు నెలలు తీసుకుని ఆపేయడం కూడా ఒక పద్ధతి. అమ్మాయికి మార్చిలో పరీక్షలు అన్నారు కదా, అప్పుడెలాగూ ఆపుతారు.

అమెజాన్ ప్రైమ్‌లో 2025 జూన్ 17 నుంచి సినిమాల మధ్య ప్రకటనలు వస్తున్నాయి, వద్దంటే అదనంగా కట్టాలి. ఒక ఖాతాను రెండు టీవీలకు మించి వాడనివ్వరు. బంధువులకు పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్లకు ఇది తెలియాలి.

లాగిన్ల దగ్గర ఇంకో చిన్న ముల్లు ఉంది. తెలుగు యాప్‌లు చాలావరకు ఫోన్ నంబర్‌కు ఓటీపీ పంపి లోపలికి రానిస్తాయి. మీ భర్త నంబర్ ఇస్తే, అంగడిలో బేరం మధ్యలో ఉన్నప్పుడు పిల్లలు ఓటీపీ కోసం ఫోన్ చేస్తారు, ఆయన విసుక్కుంటారు. అన్నిటికీ ఒకే నంబర్, అదీ సాయంత్రం ఇంట్లో ఉండే మీ నంబర్ ఇవ్వండి. డబ్బు కట్టేటప్పుడు యూపీఐ ఆటోపేకు, అంటే గడువు రాగానే దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుకు, మీ చేత ఒప్పిస్తారు. నెలకోసారి ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఆటోపే జాబితా తెరిచి, వాడనివి అక్కడే ఆపండి. టీవీలోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వద్దాం. కేబుల్ తీసేసి అన్నీ స్టిక్‌లోనే చూపిద్దామని మీకు ఎవరైనా చెబితే వినకండి. స్టార్ మా కావాలంటే జియోహాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినికి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. ఒక సాయంత్రం ఆమె రిమోట్ మీద రెండు అంకెలు నొక్కి చేసే ప్రయాణానికి నాలుగు యాప్‌లు, నాలుగు లాగిన్లు, నాలుగు చందాలు కావాలి. నెట్ పోయిన రోజు నాలుగూ పోతాయి. కేబుల్ ఉండనివ్వండి.

ఆ రాత్రి గొడవకు కారణం అబ్బాయి అల్లరి ఒక్కటే కాదు, ఆమె చేతకానితనం అసలే కాదు. హెచ్‌డీఎంఐలో సీఈసీ అని ఒక ఏర్పాటు ఉంటుంది. శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. స్టిక్ రిమోట్‌లో హోమ్ నొక్కగానే టీవీ దానంతటదే స్టిక్ ఉన్న రంధ్రానికి మారిపోయేది దీనివల్లే. కేబుల్ బాక్సుల్లో చాలావాటికి ఈ సీఈసీ ఉండదు. కాబట్టి కేబుల్ రిమోట్ ఎంత నొక్కినా టీవీ వెనక్కి రాదు. వెళ్లే దారి ఉంది, తిరిగొచ్చే దారి లేదు. ఇప్పటిదాకా మీ టీవీ యాప్‌లతోనే ఇలా జరిగింది. స్టిక్ వచ్చాక రోజూ జరుగుతుంది, కొన్నిసార్లు మంచం మీద పడున్న రిమోట్‌ను ఎవరో తాకినా జరుగుతుంది.

కాబట్టి స్టిక్ పెట్టిన రోజే ఇవి చేయండి. కేబుల్ బాక్సును హెచ్‌డీఎంఐ 1కి, స్టిక్‌ను 2కి తగిలించండి. టీవీ సెట్టింగ్స్‌లో ఆన్ చేయగానే ఏ ఇన్‌పుట్ రావాలో ఎంచుకునే వీలుంటే హెచ్‌డీఎంఐ 1 పెట్టండి. అప్పుడు ఆమెకు నేర్పాల్సింది ఒక్కటే: ఏం అర్థం కాకపోతే టీవీ ఆపి మళ్లీ వేయడం. ఆ వీలు మీ టీవీలో లేకపోతే, ఫైర్ స్టిక్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లే అండ్ సౌండ్స్‌లోకి వెళ్లి హెచ్‌డీఎంఐ సీఈసీ డివైస్ కంట్రోల్‌ను ఆపేయండి. గూగుల్ టీవీ స్టిక్‌లలో కూడా సీఈసీ ఆపే చోటు సెట్టింగ్స్‌లో ఉంటుంది. దీంతో స్టిక్ టీవీని లాక్కోలేదు. సినిమా చూడాలనుకున్నవాళ్లే టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కి వెళ్లాలి, చూశాక వెనక్కి తెచ్చిపెట్టాలి. పిల్లలకు కాస్త పని పెరుగుతుంది, అది వాళ్లు భరించగలరు. ఇక టీవీ రిమోట్ మీద సోర్స్ బటన్‌కు ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఎన్నిసార్లు నొక్కితే కేబుల్ వస్తుందో ఆమెతోనే నాలుగైదుసార్లు నొక్కించండి. మీరు చేసి చూపిస్తే గుర్తుండదు.

ఆమె గదిలో చిన్న టీవీ పెట్టడం ఇంకో దారి. 32 అంగుళాలది, కేబుల్‌కు ఇంకో బాక్సు, నెలకు ఇంకో అద్దె. సీరియల్, సినిమా ఢీకొనవు. కానీ "పాప ఇంటికి పోతా" అన్న మనిషికి, మాట చల్లారకముందే గదిలో టీవీ పెడితే, నడింట్లోంచి పంపేశారనే అనుకుంటుంది. ఆమే అడిగితే వెంటనే పెట్టండి. అడగకపోతే ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నడింటి టీవీ ఆమెదేనని భర్త నోట చెప్పించండి, మీ నోట కాదు. పిల్లల సినిమా తొమ్మిదిన్నర తర్వాత, లేదా ఆదివారం మధ్యాహ్నం.

బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. స్టిక్‌కు కరెంటు టీవీ వెనక యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీల యూఎస్‌బీ అర ఆంపియర్ మాత్రమే ఇస్తుంది, స్టిక్‌కు కనీసం ఒక ఆంపియర్ కావాలి. చాలకపోతే సినిమా మధ్యలో దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, అప్‌డేట్ మధ్యలో ఆగితే పాడవుతుంది కూడా. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌ను గోడ ప్లగ్గుకే పెట్టండి. గోడకు బిగించిన టీవీ వెనక గాలి ఆడదు, మన ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో స్టిక్ వేడెక్కి నెమ్మదిస్తుంది, బొమ్మ ఆగుతుంది, అప్పుడు మళ్లీ అందరూ నెట్‌ను తిడతారు. స్టిక్‌తోపాటు వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ తీగను చాలామంది పెట్టెలోనే వదిలేస్తారు. దాన్ని వాడితే స్టిక్ టీవీ వెనకనుంచి బయటికి వేలాడుతుంది, వేడీ తగ్గుతుంది, వైఫై కూడా బాగా అందుతుంది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద టీవీ నడిచినా రౌటర్ ఆగితే లాభం లేదు. రౌటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద ఉందో చూడండి. లేకపోతే రౌటర్‌కు మినీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు చదవండి, చాలావరకు 12 ఉంటుంది, 9 ఉన్నవీ ఉన్నాయి. తప్పు వోల్టు పెడితే రౌటర్ కాలిపోవచ్చు. ఫైబర్ పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ కరెంటు కావాలి.

సినిమాలో కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ చిన్నగా కుదిపినట్టు కనిపిస్తే అది నెట్ లోపం కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, స్టిక్ పంపేది 60. ఫైర్ స్టిక్‌లో మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేసి చూడండి. సినిమా మొదట్లో తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, దానికి కంగారు పడొద్దు. అన్ని టీవీలూ దాన్ని అందుకోవు, మీది అందుకోకపోతే మళ్లీ ఆపేయండి. ఎనిమిదో తరగతి అబ్బాయి ఉన్నాడు కాబట్టి పేరెంటల్ కంట్రోల్స్‌లో పిన్ పెట్టి, కొనుగోళ్లకు కూడా ఆ పిన్ అడిగేలా చేయండి. ప్రైమ్‌లో కొన్ని సినిమాలు అద్దెకు ఉంటాయి, పొరపాటున ఒక్క నొక్కుతో డబ్బు పోతుంది.

నన్ను ఒకటి ఎంచమంటే: పరీక్షలో గోడే దోషి అని తేలితే ముందు రౌటర్ జరిపించండి, పదిహేను రోజులు అలాగే చూడండి. ఆ తర్వాత కూడా జియోహాట్‌స్టార్ రాదు కాబట్టి స్టిక్ ఎలాగూ కావాలి. ప్రైమ్ ఇప్పటికే ఉంటే ఫైర్ స్టిక్, లేకపోతే ఫోన్లన్నీ ఆండ్రాయిడ్ కాబట్టి గూగుల్ టీవీ స్టిక్. రెండింటికీ తేడా మీ వాడకంలో గోరంతే.

మరిది ఆన్‌లైన్‌లో కొని పంపుతానంటే ఒక మాట చెప్పండి. ఫైర్ స్టిక్‌ను ఆర్డర్ చేసేటప్పుడు కొన్నవాళ్ల అమెజాన్ ఖాతాకు ముందే కలిపేసే గడి ఒకటి ఉంటుంది, దాన్ని తీసేసి, గిఫ్ట్ అని గుర్తు పెట్టి పంపమనండి. లేకపోతే మీ ఇంట్లో ఆయన ఖాతాతో, ఆయన కార్డుతో తెరుచుకుంటుంది. అలా వచ్చేస్తే సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి డీరిజిస్టర్ నొక్కి మీ ఖాతా వేసుకోవచ్చు. ఊళ్లో కొంటే సీల్ విప్పని పెట్టె, జీఎస్టీ బిల్లు అడగండి, వారంటీ సాధారణంగా ఏడాది. ఎక్కడ కొన్నా వాపసు గడువు కొద్దిరోజులే ఉంటుంది, కాబట్టి మొదటి రెండు మూడు రాత్రుల్లోనే జియోహాట్‌స్టార్, నెట్‌ఫ్లిక్స్, మీరు చూసే తెలుగు యాప్‌లు ఒక్కొక్కటీ అరగంట చొప్పున ఆడించి చూడండి. అత్తగారి చేత కేబుల్‌కు తిరిగి రావడం కూడా ఆ రోజుల్లోనే చేయించండి.